చేపల తొట్టి చప్పుడు - పొరుగింటి నిద్ర

మా హుజూర్‌నగర్‌కు సముద్రం లేదు. పొలాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు వస్తుంది. చుట్టుపక్కల సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. అలాంటి ఊళ్లో, మా ఇంటి ముందు గదిలో, రెండేళ్ల క్రితం ఒక చిన్న సముద్రం వెలసింది. జిద్దాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి తిరిగి వచ్చిన మా అబ్బాయి, ఎర్ర సముద్రపు చేపలపై పెంచుకున్న మక్కువతో నాలుగడుగుల ఉప్పునీటి అక్వేరియం అమర్చాడు. ఆర్.ఓ. నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున సముద్ర లవణ మిశ్రమం కలిపాడు. నారింజ రంగుపై తెల్లని పట్టీలున్న క్లౌన్ చేపలను హైదరాబాదు నుండి తెచ్చాడు.

నేను అభ్యంతరం చెప్పలేదు. దైవప్రవక్త (సఅసం) తన సేవకుడైన హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముణ్ణి, అతడు పెంచుకున్న పిట్ట గురించి ప్రేమగా పలకరించిన హదీసు మదరసా విద్యార్థులకు తెలిసినదే. ఆహారం, నీరు, తగిన చోటు ఇచ్చి, బాధించకుండా పెంచుకుంటే ప్రాణులను ఇంట్లో ఉంచుకోవచ్చని ధర్మవేత్తలు దాని నుండి గ్రహించారు. అయితే పెంచుకున్న క్షణం నుండే ఆ ప్రాణి మన వద్ద అమానతు అవుతుంది. ఆ మాట విలువ నాకు తరువాత గాని తెలిసిరాలేదు.

అక్వేరియం రేయింబవళ్లు గుటగుటమనేది. కింద మోటారు జుమ్మని మోగేది. నెల తిరిగేసరికి మా ఇంట్లో ఎవరికీ ఆ చప్పుడు వినిపించడం మానేసింది. చెవికి అలవాటైపోయిందన్న మాట.

ఒకరోజు పొరుగింటి కోడలు మొహమాటపడుతూ నాతో ఇలా అన్నది: “మౌల్సాబ్, మా అత్తమ్మ రాత్రి రెండు మూడుసార్లు లేస్తున్నది. నల్లా ఇడిసిపెట్టినమేమోనని చూసొస్తున్నది.”

ఆ పెద్దమ్మకు మోకాలి ఆపరేషన్ జరిగి ఎంతో కాలం కాలేదు. ఆమె మంచం మా ముందు గది గోడకు ఆవలి వైపునే ఉంటుంది. ఫ్లోరైడు పీడ చూసిన ఈ ప్రాంతంలో బిందెడు మంచినీటి కోసం నడిచిన తరం ఆమెది. నీళ్లు వృథాగా పోతున్న శబ్దం వింటే ఆమె పడుకోలేదు. చీకట్లో చేతికర్రతో పెరట్లోకి వెళ్లి నల్లా తడిమి చూసి వస్తున్నది. కాలు జారితే ఏమయ్యేది? పొరుగువారి హక్కు గురించి ఎన్నోసార్లు బోధించిన నేను సిగ్గుతో తల దించుకున్నాను. పొరుగువారు ఏ మతస్థులైనా ఆ హక్కు ఒక్కటే.

ఆ రాత్రి ఇషా నమాజు తరువాత, అబ్బాయికి చెప్పకుండా, మోటారు స్విచ్ కట్టేశాను. ఇల్లంతా నిశ్శబ్దం. మంచి పని చేశాననుకొని నిద్రపోయాను.

ఫజ్ర్‌కు ముందు అబ్బాయి గొంతు విని లేచాను. “అబ్బా, మోటారు ఎవరు బంద్ చేశారు?” చేపలన్నీ నీటి పైపొరకు చేరి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి అప్పటికే అడుగున వెల్లకిలా పడి ఉంది. ఒక హక్కు తీర్చబోయి మరొక హక్కును భంగపరిచాను. పిల్లిని కట్టివేసి, తిండి పెట్టక చంపిన స్త్రీ హదీసును ఎన్నోసార్లు బోధించినవాణ్ణి నేను.

కారణాన్ని అబ్బాయి శాంతంగా వివరించాడు. 25 డిగ్రీల వేడిమిలో లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. సముద్రపు నీటిలో 6.8 మిల్లీగ్రాములకు మించదు. నీరు వేడెక్కిన కొద్దీ అది ఇంకా తగ్గుతుంది. నీటిని పైకీ కిందికీ తిప్పుతూ గాలి సోకేలా చేసేది మోటారే. దాన్ని ఆపడమంటే చేపల ఊపిరి ఆపడమే. కాబట్టి చప్పుడు తగ్గించే మార్గం యంత్రాన్ని కట్టేయడం కాదు, ఏ చప్పుడు ఎక్కడ పుడుతున్నదో కనిపెట్టి దాన్ని సరిచేయడం.

ఆ ఆదివారం పెద్దమ్మ అనుమతితో ఆమె గదిలో నిలబడి గోడకు చెవి ఆనించి విన్నాము. మా గదిలో మాకు వినిపించడం మానేసినవన్నీ అక్కడ విడివిడిగా వినిపించాయి.

మొదటిది గుటగుట. తొట్టి అంచు నుండి పొర్లిన నీరు మూలనున్న గాజు అరలో పడి, గొట్టం గుండా కింది తొట్టిలోకి దిగుతుంది. మనం ఇళ్లలో నీటికి కట్టుకునే సంపు లాంటిదే ఆ కింది తొట్టి. గొట్టం నిండా నీరే ఉంటే శబ్దం ఉండదు. నీటితోపాటు గాలి కూడా దిగితేనే, నిండు సీసాను బోర్లించినప్పటిలా బుడబుడమంటుంది. అందుకని ఆ గొట్టానికి గేట్ వాల్వ్ బిగించాము. గాజు అరలో నీటిమట్టం గొట్టం నోటికి నాలుగు వేళ్ల ఎత్తున నిలిచే వరకు వాల్వును కొద్దికొద్దిగా మూశాము. గాలి వెళ్లే దారి మూసుకుపోయింది, గుటగుట ఆగింది. దాని పక్కనే, నోరు మరికాస్త ఎత్తులో ఉండేలా రెండవ గొట్టం పెట్టాము. మిగిలిన సన్నని ధార దాని లోపలి గోడను తాకుతూ నిశ్శబ్దంగా దిగుతుంది. రెండు గొట్టాల చివరలూ సంపు నీటిలో అంగుళం లోతున మునిగి ఉన్నాయి. దానితో నీరు పడే చప్పుడు కూడా పోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక. రెండవ గొట్టానికి ఎన్నడూ వాల్వ్ పెట్టరాదు. మొదటి గొట్టంలో నాచో, నత్తో అడ్డుపడితే ఇంటిని ముంపు నుండి కాపాడేది అదే. మొదటి వాల్వును పూర్తిగా మూసి, మొత్తం నీటిని రెండవ గొట్టం ఒక్కటే మోయగలదా అని చూడాలి. మోయలేకపోతే మోటారు వేగం తగ్గించాలి. ఆ తరువాత మోటారు ఆపి, పై నుండి దిగే నీరంతా సంపులో పట్టుతుందో లేదో కూడా చూడాలి. కరెంటు పోయినప్పుడు జరిగేది అదే.

రెండవది మోటారు జుమ్మనడం. మోటారు గాజుకు ఆని ఉంది. బిగుతైన ప్లాస్టిక్ పైపు దాని అదురును తొట్టికి, తొట్టి చెక్క బల్లకు, బల్ల గోడకు చేరవేస్తున్నది. మోటారు కింద మెత్తని సిలికాన్ దిండు వేశాము. పైపులో జానెడు ముక్కను కోసి రబ్బరు గొట్టం అతికించాము. బల్లను గోడ నుండి బెత్తెడు దూరం జరిపాము. ఆ పెద్ద చప్పుడులో సగానికి పైగా అంతటితో పోయింది. దీనివల్ల చేపలకూ మేలే. నీటిలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లకు మించిన వేగంతో పయనిస్తుంది. చేపలకు బయటకు కనిపించే చెవులు లేకపోయినా లోపలి చెవి ఉంది. అదురును పసిగట్టే పక్కరేఖ వాటి శరీరం పొడవునా ఉంది.

మూడవది గరగర. మోటారు లోపలి చక్రానికి సున్నం పేరుకుంది. ప్లగ్ తీసి, మోటారు విప్పి, తెల్ల సిర్కా, నీరు సమపాళ్లలో కలిపి గంటసేపు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో రుద్ది, మంచినీటితో కడిగాము. గరగరకు మరో కారణం సంపులో నీరు తగ్గి, మోటారు గాలి పీల్చడం. మన ఎండల్లో నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. కాబట్టి రోజూ తగ్గిన మేరకు ఉప్పు లేని ఆర్.ఓ. నీరే పోయాలి.

నాలుగవది నురుగు యంత్రం చేసే బుస. మలినాలను నురుగుగా పైకి తేవడానికి అది గాలి పీలుస్తుంది. ఆ రంధ్రాన్ని మూయకూడదు. దానికి పొడవాటి సన్న గొట్టం తగిలించి, పేరుకున్న ఉప్పును గోరువెచ్చని నీటితో కడిగితే బుస తగ్గింది. చప్పుడు ఆగుతుందని తొట్టిపై బొంత కప్పేవారున్నారు. అది వేడిని పెంచి, గాలిని ఆపి, చేపలకు హాని చేస్తుంది.

మన దేశపు శబ్ద కాలుష్య నియమాలు (2000) నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు 45 డెసిబెల్స్‌ను హద్దుగా నిర్ణయించాయి. మా తొట్టి చప్పుడు ఆ హద్దును దాటి ఉండకపోవచ్చు. కానీ చట్టం హద్దులో ఉండటం వేరు, పొరుగువారు నిద్రపోవడం వేరు.

వారం గడిచింది. ఒక ఉదయం పెద్దమ్మ తన గడప మీద కూర్చొని నన్ను పిలిచింది. “మీ నల్లా బాగైందా మౌల్సాబ్? రాత్రి నీళ్ల సప్పుడు వస్తలేదు.”

“బాగైంది పెద్దమ్మా. మమ్మల్ని క్షమించు” అన్నాను. ఆ సాయంత్రం ఆమె కోడలి చెయ్యి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. తనను అన్ని రాత్రులు లేపిన నీటిని, అందులో ఈదులాడే చేపలను చాలాసేపు చూసింది.

సోదర సోదరీమణులారా! మన ఇళ్లలో అక్వేరియం లేకపోవచ్చు. బోరు మోటారో, కూలరో, మిక్సీయో, టీవీయో ఉంటుంది. దాని చప్పుడు ఎంతో మన గదిలో కూర్చుంటే తెలియదు. ఒక్కసారి పొరుగింటి గోడకు ఆవల నిలబడి వినండి.