మృతుడని పరమవీరచక్ర ప్రకటించిన యోధుడు తిరిగి వచ్చారు
అండమాన్ దీవికి ధన్‌సింగ్ థాపా పేరు

గరాచర్మ (అండమాన్): మరణానంతర పురస్కారంగా పరమవీరచక్ర ప్రకటించిన కొన్ని నెలలకు సజీవులై స్వదేశం చేరిన సైనికాధికారి మేజర్ ధన్‌సింగ్ థాపా. ఆయన పేరు నేడు అండమాన్‌లోని ఒక నిర్జన ద్వీపానికి ఉంది. ఆయన పోరాడిన లడఖ్‌లోని సిరిజాప్ ప్రాంతం మాత్రం 1962 యుద్ధం నాటి నుంచి చైనా అధీనంలోనే ఉంది. ఆ నేలపై ఆయన స్మృతికి ఒక శిలాఫలకమైనా నిలిపే అవకాశం భారత్‌కు లేదు. యుద్ధభూమికి వేల కిలోమీటర్ల దూరాన, సముద్రం మధ్య ఉన్న దీవికి ఆయన పేరు పెట్టడానికి ఇందువల్ల మరింత ప్రాధాన్యం ఏర్పడింది.

నేతాజీ సుభాష్ చంద్రబోస్ జయంతి అయిన 2023 జనవరి 23న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ అండమాన్ నికోబార్‌లోని 21 పెద్ద దీవులకు 21 మంది పరమవీరచక్ర గ్రహీతల పేర్లను ప్రకటించారు. అంతవరకు వాటికి పేర్లు లేవు. అధికార పత్రాలలో సంకేత సంఖ్యలతోనే వాటిని గుర్తించేవారు. వాటిలో 16 దీవులు ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలోను, 5 దక్షిణ అండమాన్ జిల్లాలోను ఉన్నాయి. అన్నింటికంటె పెద్దదానికి తొలి గ్రహీత మేజర్ సోమనాథ్ శర్మ పేరు లభించింది.

1950 జనవరి 26న నెలకొల్పిన ఈ అత్యున్నత శౌర్యపతకాన్ని ఇంతవరకు 21 మంది మాత్రమే పొందారు. వీరిలో 14 మందికి అది మరణానంతరం లభించింది. తక్కిన ఏడుగురిలో థాపా ఉదంతం విలక్షణమైనది.

<b>మూడు దాడులు</b>

థాపా 1928 ఏప్రిల్ 10న సిమ్లాలో జన్మించారు. 1949లో 8వ గూర్ఖా రైఫిల్స్ మొదటి బెటాలియన్‌లో అధికారిగా చేరారు. 1962 అక్టోబరులో చైనా సేనలు లడఖ్‌పై విరుచుకుపడే నాటికి ఆయన పాంగాంగ్ సరస్సు ఉత్తర తీరాన సిరిజాప్ వద్ద సరిహద్దు స్థావరానికి నాయకత్వం వహిస్తున్నారు. చుషూల్ విమానక్షేత్రం రక్షణకు ఏర్పరచిన స్థావరాలలో అది ఒకటి. అందులో ఉన్న సైనికులు ముప్పైమందికి మించరు.

శతఘ్నులతో, మోర్టార్లతో గుళ్లవర్షం కురిపించిన పిదప శత్రువు అధిక సంఖ్యలో దాడికి దిగాడు. గూర్ఖాలు దానిని తిప్పికొట్టారు. రెండవ దాడినీ నిలువరించారు. మూడవసారి పదాతిదళానికి తోడుగా టాంకులు వచ్చాయి. అప్పటికే అనేకమంది నేలకొరిగారు. స్థావరం శత్రువు వశమవుతున్న తరుణంలో థాపా కందకం నుంచి బయటకు వచ్చి ముఖాముఖి పోరులో పలువురిని హతమార్చారని, చివరకు చైనా సైనికులు ఆయనను లోబరచుకున్నారని పురస్కార పత్రం పేర్కొన్నది.

స్థావరంలో ఎవరూ మిగలలేదన్న వర్తమానమే ప్రధాన శిబిరానికి చేరింది. ప్రభుత్వం థాపాకు మరణానంతర పురస్కారం ప్రకటించింది. కాని ఆయన చైనాలో యుద్ధఖైదీగా ఉన్నారు.

<b>రెండోసారి వివాహం</b>

చైనా విడుదల చేయగా 1963 మే నెలలో ఆయన డెహ్రాడూన్‌లోని ఇల్లు చేరారు. కుటుంబం అప్పటికే ఆయనకు ఉత్తరక్రియలు జరిపించింది. భార్య వితంతువుగా జీవిస్తున్నది. కర్మ జరిగిన మనిషి తిరిగి గృహస్థు కావాలంటే ఆచారం ప్రకారం మళ్లీ జన్మించినట్లే లెక్క. పురోహితుడు ఆయనకు శిరోముండనం చేయించి, కొత్తగా నామకరణం జరిపారు. దంపతులకు మరల వివాహం జరిగింది.

1962 యుద్ధంలో పరమవీరచక్ర పొందినవారు ముగ్గురు. మేజర్ షైతాన్ సింగ్ రెజాంగ్ లా వద్ద అసువులు బాశారు. సుబేదార్ జోగిందర్ సింగ్ చైనా నిర్బంధంలో మరణించారు. తిరిగి వచ్చినది థాపా ఒక్కరే. ఆయన సైన్యంలోనే కొనసాగి, లెఫ్టినెంట్ కల్నల్ హోదాలో 1980లో పదవీ విరమణ చేశారు. అనంతరం లక్నోలో స్థిరపడ్డారు. 2005 సెప్టెంబరులో పుణెలో కన్నుమూశారు. మృతుల జాబితాకు ఎక్కిన తరువాత ఆయన దాదాపు 43 ఏళ్లు జీవించారు.

<b>నౌకకు పాతికేళ్లే</b>

ఆయన పేరు సముద్రం మీదికి రావడం ఇది మొదటిసారి కాదు. ప్రభుత్వరంగ సంస్థ షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా 1980లలో తన ముడిచమురు రవాణా నౌకలు పదిహేనింటికి అప్పటి పరమవీరచక్ర గ్రహీతల పేర్లు పెట్టింది. థాపా పేరుగల నౌక 1984లో ఆ సంస్థకు చేరింది. అప్పటికి ఆయన సజీవులే. పాతికేళ్లు చమురు మోసిన పిదప ఆ నౌకను సేవ నుంచి తొలగించారు. నౌకతోపాటు పేరూ తెరమరుగైంది. దీవికి అటువంటి కాలపరిమితి లేదు.

అయితే నిర్జన ద్వీపంలో ఆ పేరు పలికేవారు ఉండరు. అది నిలవవలసినది జనావాసాలలోనే. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకొని, కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థకు నెలవైన గరాచర్మ అటువంటి ఊరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలసవచ్చి ఇక్కడ చేపలవేటతో జీవిస్తున్న కుటుంబాలు అనేకం.

వీరి పిల్లలు పటంలో ఆ దీవి పేరు చదువుతారు. పేరుగల వ్యక్తి ఎవరో, ఏ సరస్సు ఒడ్డున ఎందుకు పోరాడాడో, ఇంటికి ఎలా తిరిగి వచ్చాడో పాఠశాలలో చెప్పేవారు లేకుంటే వారికి ఆ పేరు కూడా వెనుకటి సంకేత సంఖ్య వంటిదే అవుతుంది. పేరు పెట్టడానికి ఒక ప్రకటన చాలింది. ఆ జీవితాన్ని తరువాతి తరానికి తెలియజెప్పే పని ఇకముందు జరగవలసి ఉంది.