కన్ను నొవ్వని వెలుగు

గోదావరిఖని బొగ్గుబాయిలో రాత్రిపాళీకి దిగబోవు కార్మికుడు లాంపురూము కిటికీకడ బిళ్ళనిచ్చి, తన అంకె గల దీపమును పుచ్చుకొని, బ్యాటరీని నడుముపట్టెకు తగిలించి, దీపమును టోపీ నొసట గూర్చుకొను ఆ రెండు నిమిషములలోనే దీపశాస్త్రపు తొలిపాఠ మిమిడియున్నది: వెలుగు చేతిపనిమీద పడవలెను, కంటిలో పడరాదు.

ఇంటిలో సున్నము వేసిన గోడ దీపమునకు తోడు. తనపై బడిన కాంతిలో అధికభాగమును తిరిగి గదికే యిచ్చివేయును. బొగ్గుగోడ యట్లు గాదు. ఇంచుమించు అంతయు మ్రింగును. అందుచేత బాయిలో నీడలు కత్తితో గీసినట్లుండును. కప్పునుండి వ్రేలాడు పెచ్చు దీపమటు తిరిగినప్పుడే కానవచ్చును. బొగ్గుధూళి పేలుడు వ్యాపింపకుండుటకై చల్లెడి సున్నపురాతిపొడి మాత్రము దారులకు కొంత తెల్లదనము నిచ్చుచున్నది. ఎవరును కోరి చేయని యీ యుపకారము నాకు మిక్కిలి ప్రియమైనది. 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన రక్షకదీపము ప్రాణములను గాపాడినది గాని, అట్టి దీపముల మసక వెలుగులో ఏండ్లతరబడి పనిచేసిన బ్రిటన్ గనికార్మికులు పెక్కురను కనుగ్రుడ్లు నిలకడలేక యూగులాడు వ్యాధి పట్టుకొనెను.

వెలుగు చాలకపోవుట యొక బాధ. కంటిలో గ్రుచ్చుకొనుట మఱియొకటి. నేటి ఎల్‌ఈడీ టోపీదీపముతో ఎదురువచ్చు తోటివానిని సూటిగా జూచినచో, ఆ కాంతి వాని కంటిలోపల చెదిరి పలుచని తెరవలె పరచుకొనును; ఆ తెర వెనుక గుంతయు కానరాదు, పట్టాలును కానరావు. చీకటికి అలవడిన కన్ను ఆ నేర్పును క్షణములో గోల్పోవును. పూర్తిగా మరల సంపాదించుటకు అరగంట పట్టును. వయసు మీరిన కంటిలో కాంతి చెదురుట మఱింత యధికము. కనుకనే బాయి నెరిగినవాడు “ఏమన్నా, మంచిగున్నవా” అనునప్పుడు తల ఒకింత ప్రక్కకు వంచును. నాకు తెలిసిన మర్యాదలలో ఇంతటి శాస్త్రీయమైనది వేరొకటి లేదు. రామగుండము ఓపెన్‌కాస్టులో ఎత్తైన స్తంభములపై దీపములు నిలుపువారును డంపరు నడుపువాని చూపునుండి దీపమును తప్పించి, కాంతిని ప్రక్కనుండి బాటమీదికి వంపవలెను.

ఇక కార్మికుడు కాపురముండు క్వార్టరు సంగతి. రాత్రిపాళీ ముగించి తెల్లవారి యిల్లు చేరినవానికి కావలసినది నిద్ర. నీలిపాలు అధికమైన కాంతి మెదడునకు పగలని చెప్పి, నిద్రకు దోహదమగు మెలటోనిన్‌ను అణచును. అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ బహుమానము తెచ్చిన నీలి ఎల్‌ఈడీయే, పసుపుపూత తోడుగా, నేటి తెల్లదీపమునకు తల్లి. చాయ మార్చుకొను దీపములో పసుపువన్నెవియు తెలుపువన్నెవియు రెండు జాతుల డయోడ్లుండును; వాని పాళ్ళు మార్చినకొలది కాంతి పాతబల్బు చాయయగు 2700 కెల్విన్లనుండి పగటివెలుగు చాయయగు 6500 కెల్విన్లవరకు సాగును. వంటగట్టుపైన, వంగినవారి నీడ చేతులమీద బడకుండ అలమర అడుగున అమర్చిన తెల్లని పట్టీదీపము; పడకగదిలో మోకాలియెత్తున గోడవైపు త్రిప్పిన సన్నని పసుపుదీపము. కిటికీకి దళసరి పరదా దించి, ఇల్లాలు ఆ పసుపుదీపపు మీటను ఇంకొక్క మెట్టు తగ్గించును. రాత్రంతయు నొసట వెలుగు మోసినవాడు కన్నులు మూయును.