ఒడ్డుకు చేర్చేందుకు చక్రాల సాయం

తూర్పు తీరంలో మత్స్యకారుల శ్రమ వేటతో ముగియదు. రేవులు లేని చోట పడవను కెరటాలకు అందకుండా ఇసుక మీదుగా మెరకకు చేర్చడం మరో పెద్ద పని.

తమిళులు కట్టుమరమని, తెలుగువారు తెప్ప అని పిలిచే పాత సాధనానికి ఈ చిక్కు తక్కువ. తాళ్లు విప్పి దుంగలను విడివిడిగా మోసుకుపోయి ఎండబెట్టుకునేవారు. ఆ తమిళ పదమే ‘కాటమరాన్’గా ఆంగ్లంలోకి వెళ్లి, కాలక్రమంలో రెండు సన్నని పడవలను అడ్డకమ్మీలతో జోడించిన నావకు పేరైంది. పేరు వెళ్లింది గాని, ఒడ్డున విప్పి మోసుకుపోయే వీలు దానితో వెళ్లలేదు.

విహారానికి వాడే ‘హోబీ-16’ తెరచాప నావ పొడవు సుమారు 5 మీటర్లు, వెడల్పు 2.4 మీటర్లు, బరువు 145 కిలోలు. నలుగురు పట్టి ఎత్తగలరు; అయితే పాదాలు కూరుకుపోయే పొడి ఇసుకలో వంద గజాలు మోయడం నడుములకు పరీక్షే. అందుకే చాలామంది రెండు చక్రాల బండిని సొంతంగా తయారు చేసుకుంటారు. అల్యూమినియం గొట్టంతో ఇరుసు, నావ ఆనే చోట పాత తివాచీ చుట్టిన చెక్క దిమ్మెలు, బిగించేందుకు పట్టీలు ఉంటే చాలు.

కిటుకంతా చక్రంలోనే ఉంది. మోసే బరువును టైరులోని గాలి ఒత్తిడితో భాగిస్తే, అది నేలపై ఎంత మేర ఆనుతుందో స్థూలంగా తెలుస్తుంది. బండితో కలిపి ఒక్కో చక్రంపై 75 కిలోల భారం పడుతుందనుకుందాం. చదరపు సెంటీమీటరుకు 2 కిలోల ఒత్తిడి గల సన్నని టైరు 40 చదరపు సెంటీమీటర్లయినా ఆనక ఇసుకలో దిగబడుతుంది. పావు కిలో ఒత్తిడి గల వెడల్పాటి మెత్తని టైరు 300 చదరపు సెంటీమీటర్ల మేర పరుచుకుని సాఫీగా దొర్లుతుంది. సైకిలు చక్రాలతో పొదుపు చేయబోయేవారు గమనించవలసిన లెక్క ఇది.

ఇరుసు నావ బరువు కేంద్రానికి కాస్త వెనకగా ఉండాలి. ముందుకు జరిగితే ముక్కు పైకి లేస్తుంది. ఉప్పునీటికి ఉక్కు బేరింగులు త్వరగా తుప్పు పడతాయి కనుక ప్లాస్టిక్ బుష్షులే మేలు.

2004 సునామీ తరువాత తీరమంతటా బాగా పెరిగిన ఫైబర్ పడవలకు ఈ చిన్న బండి చాలదు. ఇంజను, తడి వలలతో అవి ఎంతో బరువు. తీరంలో నేరుగా దిగగల పడవల రూపకల్పనపై ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా 1979లో ప్రారంభించిన బంగాళాఖాత కార్యక్రమం చాలా కృషి చేసింది. అయినా అనేక పల్లెల్లో పడవ ఒడ్డెక్కాలంటే ట్రాక్టరు అద్దెకు తెచ్చుకోవాలి, లేదా పది మందిని పోగు చేయాలి. వల ఖాళీగా వచ్చిన రోజునా ఆ ఖర్చు తప్పదు.