పేరులేని బటను

కోడంబాక్కంలో మా పొరుగున వుండే మిత్రులకు చూపు లేదు. అయినా కంప్యూటరుమీద ఉత్తరాలు వ్రాస్తారు, పత్రికలు వింటారు. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ‘ఎన్‌వీడీఏ’ అనే ఉచిత సాధనమే ఆయనకు కన్ను. 2006లో ఆస్ట్రేలియాలో దానిని ఆరంభించిన మైకేల్ కరన్‌కు కూడా చూపు లేదు.

మొన్న ఒక దరఖాస్తు నింపుతూ మమ్మల్ని పిలిచారు. పేరు, చిరునామా అన్నీ తామే నింపారు. చివరి బటను దగ్గర ఆగిపోయారు. మా కంటికది బటనే. నిజానికి స్క్రిప్టుతో అట్లా కనిపించేట్లు చేసిన వట్టి పెట్టె. దానికి పేరు లేదు, ట్యాబు మీటకు అందదు. మౌసుతో మేము నొక్కగానే ఓటీపీ గడి వచ్చింది. అది వచ్చినట్లు సాధనం పలుకలేదు. ఎవరికీ చెప్పరాని ఆ సంఖ్యను ఆయన మాకు చెప్పవలసివచ్చింది. సిగ్గుపడినది మేమే.

తప్పు స్క్రిప్టుది కాదు. బటనును బటనుగానే వ్రాసి, పేరు పెట్టి, వచ్చిన మార్పు వినిపించేట్లు చేస్తే చాలును. పేరుండాలనీ, మీటలకు అందాలనీ అంతర్జాతీయ నియమాలు 2008లోనే చెప్పినవి. డిజిటల్ సేవలు అందరికీ అందుబాటులో వుండడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మన సభ్యుల పిల్లలెందరో ఈ వృత్తిలోనే వున్నారు. మౌసు పక్కన బెట్టి, తాము చేసిన పేజీని ఒక్కసారి మీటలతోనే నడిపి చూడవలసిందని మా మనవి.