వెన్నుపాము గాయం తరువాత కుటుంబ సంబంధాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల నుంచి గుంపు మేస్త్రీల వెంట నిర్మాణ పనులకు వలస వెళ్లడం తరతరాలుగా ఉన్నదే. ఊళ్లో ఉన్నవారిలో గీత కార్మికులు రోజూ తాటిచెట్లు ఎక్కుతారు. పరంజా మీదనుంచి పడినా, మోకు జారినా, రోడ్డు ప్రమాదం జరిగినా వెన్నుపాము దెబ్బతినే అవకాశం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇటువంటి గాయంతో జీవిస్తున్నవారు 1.5 కోట్లకు పైగా ఉన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక వారి సంబంధాలు ఎలా మారతాయో, వాటిని ఎలా కాపాడుకోవచ్చో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. ఏది మారుతుంది, ఏది మారదు?

మెడ దగ్గర గాయమైతే కాళ్లతోపాటు చేతులూ, అంతకు కిందనైతే కాళ్లూ చచ్చుబడవచ్చు. మలమూత్రాలపై అదుపు, చర్మస్పర్శ, లైంగిక సామర్థ్యం కూడా దెబ్బతినవచ్చు. అయితే వెన్నుకు తగిలిన ఈ దెబ్బ వల్ల ఆలోచన, ఇష్టాయిష్టాలు, ప్రేమ పోవు. ఈ తేడాను చుట్టూ ఉన్నవారు తరచుగా మరచిపోతారు. చూడవచ్చిన బంధువు మంచం మీది మనిషిని వదిలి, అతని భార్యను “ఎట్లున్నడు?” అని అడగడం మీరూ గమనించి ఉంటారు. సంబంధం సన్నగిల్లడం అక్కడే మొదలవుతుంది.

2. సేవ వేరు, సంబంధం వేరు

పడక పుండ్లు రాకుండా మంచంలో సుమారు రెండు గంటలకొకసారి పక్కకు తిప్పాలి. చాలామందికి నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి గొట్టంతో మూత్రం తీయాలి. ఈ పనులన్నీ ఒక్క భార్య మీదే పడితే ఆమె నర్సుగా, అతడు రోగిగా మిగిలిపోతారు. మందులు, పక్కబట్టలు తప్ప వారి మధ్య వేరే మాట ఉండదు. పైగా ఆమె కూలికి పోతేనే ఇల్లు గడిచే స్థితి.

కనుక పనిని పంచాలి. చేతులు పనిచేసేవారు శిక్షణ పొంది గొట్టం తామే వేసుకోవచ్చు; అద్దంతో చర్మాన్ని తామే పరీక్షించుకోవచ్చు. మిగిలినదాన్ని అన్నదమ్ములు, ఎదిగిన పిల్లలు వంతుల వారీగా చేయాలి. అయితే పిల్లల బడి మాన్పించి వారిచేత సేవ చేయించకూడదు. రోజులో కొంత సమయం సేవ ప్రసక్తి లేకుండా భార్యాభర్తలు మాట్లాడుకోవాలి.

3. దాంపత్యం

ఈ విషయం అడగడానికి దంపతులు సిగ్గుపడతారు. చెప్పడానికి చాలామంది వైద్యులు కూడా వెనుకాడతారు. పురుషులకు లైంగిక, సంతాన సమస్యలలో చికిత్సలున్నాయి. స్త్రీలకు నెలసరి కొన్ని నెలలు ఆగినా సాధారణంగా తిరిగి వస్తుంది, గర్భం దాల్చవచ్చు. కాబట్టి వైద్యుని వద్దకు ఇద్దరూ కలిసి వెళ్లి నేరుగా అడగాలి.

4. ఇంట్లో, ఊళ్లో స్థానం

పిల్లల చదువు, పొలం కౌలు, పెళ్లి మాటల వంటి నిర్ణయాలలో గాయపడిన వ్యక్తి మాటకు చోటుండాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించిన వైకల్యం ధ్రువీకరణ పొందినవారు ప్రత్యేక ప్రయోజనాలకు అర్హులు. తెలంగాణలో 2023లో దివ్యాంగుల పింఛను రూ.4,016కు పెరిగింది. ఆ డబ్బు అతని చేతికే అందాలి. ఇంటి ఖర్చులో తన వంతు ఇచ్చే మనిషిగా అతడు నిలబడతాడు. గడప దగ్గర ఏటవాలు దారి కడితే చక్రాల కుర్చీలో రచ్చకట్ట దాకా వెళ్లగలడు, పాత స్నేహితులను కలవగలడు.

కోపం, నిరాశ, చావు ఆలోచనలు వస్తే వాటిని మొండితనంగా భావించకూడదు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులో మాట్లాడతారు. సేవ చేసి అలసిన భార్య కూడా అదే నంబరుకు ఫోన్ చేయవచ్చు.

సారాంశం: గాయం మనిషి కదలికను తగ్గిస్తుంది. భర్తగా, భార్యగా, తండ్రిగా, స్నేహితునిగా అతని లేదా ఆమె స్థానాన్ని తగ్గించేది మాత్రం చుట్టూ ఉన్నవారి తీరు. ఆ తీరును మార్చుకోవచ్చు.

అభ్యాసం: మీ ఊళ్లో ఇటువంటి కుటుంబం ఉంటే, వారి అనుమతితో కలవండి. మొదటి ప్రశ్న గాయపడిన వ్యక్తినే అడగండి. ఇంట్లో ఏ పని ఎవరు చేస్తున్నారో, అందులో ఏది పంచుకోవచ్చో ఒక పేజీలో రాయండి.