ఎండపెరటిలో నీలిసాల్వియా

వైశాఖ జ్యేష్ఠముల యెండ యెట్టిదో మా యోరుగల్లు ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. హసన్‌పర్తిలోని మా పెరడు చెట్టునీడ యొక్కటియు లేక ప్రొద్దుపొడుపు మొదలు క్రుంకువఱకు కాగుచుండును. అందు గులాబి మాడినది, చేమంతి సొమ్మసిల్లినది. తుదకు నిలిచినది నీలిసాల్వియా. అదియు మొదటి తడవ నా చేతనే చచ్చినది.

ఈ మొక్క పుట్టినిల్లు మెక్సికో, టెక్సాసు ప్రాంతములు. అయినను మన తులసికి, మరువమునకు చుట్టమే. కాడను వ్రేళ్లనడుమ త్రిప్పిచూడుడు. తులసికాడవలె నలుపలకలుగ నుండును. ఆకులు జంటలుగ నెదురెదురుగ మొలచును. పూకంకులపై వరిపిండి చల్లినట్లు తెల్లనినూగు గలదు. అందుచేతనే 1833లో జార్జి బెంతాము దీనికి 'పిండివంటిది' యను నర్థముగల ఫారినేసియా యను పేరిడెను. విక్టోరియా యను పొట్టిరకము సుమా రొకటిన్నర యడుగు పెరుగును. పాశ్చాత్యులు వంటలో వాడు సేజి వేఱు. ఇది చూచుటకు మాత్రమే.

బతుకమ్మపండుగ గడచి వానలు వెనుకబట్టిన పిదప విత్తనములు చల్లవలెను. వానికి వెలుతురు కావలెను గావున మన్ను కప్పక, తడిమట్టిపై నొత్తిన చాలును. రెండువారములలో మొలచును. నాలుగైదాకులు వేసినపిదప అడుగు కొకటి చొప్పున నాటవలెను.

నేను చేసిన తప్పు నీళ్లది. మా పెరటిలో నామూల నల్లరేగడి, తడి వదలదు. తులసికోటకు పోసినట్లు రెండుపూటలు పోసితిని. ఆకులు పండుబాఱెను. ఎండదెబ్బ యని తలచి మఱింత పోసితిని. పెఱికిచూడగా వేళ్లు క్రుళ్లియున్నవి! మఱుసటియేడు చెలకమన్ను, ఇసుక, బాగుగ చివికిన పెంట కలిపి జానెడెత్తు మడి కట్టితిని. మంటిలో వ్రేలు గ్రుచ్చి తడి తగులనినాడే నీరు పోసితిని. ఎరువు మితిమీఱినచో ఆకే గాని పూవుండదు.

వేసవి రాగానే దీనిని పెఱికివేయుడని మొక్క లమ్మువారు చెప్పుదురు. నాకు మనసొప్పలేదు. చైత్రాంతమున కొమ్మలను జానెడు మిగుల కత్తిరించి, మొదళ్లచుట్టు వరిగడ్డి పఱచితిని. పండ్రెండింటిలో అయిదు పోయినవి. ఏడు తొలకరికి చిగిర్చి, భాద్రపదమున మఱల పూచినవి.

మా యూర గునుగుపూవులకు రంగులద్ది బతుకమ్మను పేర్చుట వాడుక. నిరు డొకవరుసకు రంగద్దక యీ కంకులనే పేర్చితిని. అత్తగారు చూచి, "ఇదేం పువ్వే కోడలా? మన పువ్వు గాదు గదా!" అనిరి. "అత్తయ్యా, మన బంతిపువ్వు గూడ మెక్సికోనుంచే వచ్చిందట" అంటిని. ఆమె కొంతసేపు బంతివరుసను చూచి, మాఱుపలుకక తంగేడుకట్ట నందుకొనిరి.

రెండుమూడేండ్లకు మొదళ్లు కట్టెబాఱును. అంతకుమున్నే పూవులేని లేతకొమ్మలను నాలుగంగుళములు త్రుంచి, క్రిందియాకులు తీసి, తడియిసుకలో గ్రుచ్చి నీడను పెట్టిన వేళ్లుపట్టును. ఈ కార్తికమున మా కుండలో నాఱు గ్రుచ్చితిమి. అందు రెండు అత్తగారివి.