పెళ్లి ఫొటోకు పేరెవరు పెట్టాలి?

దిల్‌సుఖ్‌నగర్ (మా గ్రామీణ విలేకరి): చౌటుప్పల్ వైపు పల్లెల నుంచి బస్సులో వచ్చి ఎల్.బి. నగర్‌లో దిగి, 2018 సెప్టెంబరులో ఇక్కడిదాకా వచ్చిన మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ దిల్‌సుఖ్‌నగర్. కోచింగులకూ, కంప్యూటర్ శిక్షణకూ పేరుపడ్డ ఈ పేటకు మనవాళ్లు పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, తెర మీద వరుసగా కనబడేలా స్లైడ్ షో చేయించుకుపోవడం కూడా కద్దు. అయితే ఆ వరుస దేన్నిబట్టి వస్తుందో అడిగేవారు తక్కువ.

ఈ విలేకరి మేనకోడలి పెళ్లిలో జరిగిందే చూడండి. మరునాడు ఎల్.బి. నగర్‌లో ఒక ఫంక్షన్ హాలులో రిసెప్షన్. తెర వెలిగింది. మొట్టమొదటే అప్పగింతలు! పిల్ల తల్లి కళ్లు తుడుచుకుంటోంది. చాలాసేపటికి గాని ఎదుర్కోళ్లు, జీలకర్ర-బెల్లం రాలేదు. ‘పిల్లను పంపించినంక లగ్గం చేసిండ్రా బావా?’ అని వియ్యాలవారు నవ్వారు. అంతటితో పోతే బాగుండేది. మా నాయనమ్మ పిల్ల తల మీద అక్షింతలు వేసిన ఫొటోలు ఒక్కటీ లేవు. కార్డుల కోసం పరుగెత్తితే, వాటిని చెరిపి వేరే పెళ్లికి పట్టుకుపోయారన్నారు. నాలుగు నెలలకు ఆమె కాలం చేసింది.

కారణం తరువాత తెలిసింది. కెమెరాలు ఫొటోలకు పేరు పెట్టే పద్ధతి 1998లో జపానులో రూపొందింది. నాలుగు అక్షరాలు, నాలుగు అంకెలు. 9999 దాటగానే లెక్క మళ్లీ 0001కి వస్తుంది. మా కెమెరా లెక్క సరిగ్గా తలంబ్రాల వేళ దాటింది. అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోసేసరికి అప్పగింతలు ముందుకొచ్చాయి. ఇక రెండో కెమెరా కూడా అదే కంపెనీది. రెండింటిలోనూ ఐ.ఎం.జి. 0412 అనే ఫొటో ఉంది. కాపీ చేసేటప్పుడు ‘పాతదాని చోట కొత్తది పెట్టమంటారా?’ అని కంప్యూటర్ అడిగింది. తొందరలో అవునని నొక్కారు. పాతది పోయింది. దుకాణం పేరు ఎందుకులెండి, పక్కనే కూర్చుని తొందరపెట్టింది మేమే.

కనుక ఒక్కో కెమెరాకు ఒక్కో ఫోల్డర్ ఉండాలి. అసలు ఫొటోలను ముట్టుకోకుండా, కాపీకే పేర్లు మార్చాలి. ఫోల్డర్‌కు ఏడాది ముందు, తరువాత నెల, చివర తేదీ వచ్చేలా 2024-05-12 అని పెడితే పెళ్లిళ్లన్నీ వాటంతటవే వరుసలో ఉంటాయి. 12/05 అని గీత పెడితే విండోస్ ఒప్పుకోదు.

అంకెల్లో మరో తిరకాసు ఉంది. 1, 2, 10 అని పేర్లు పెడితే కొన్ని టీవీలు 1 తరువాత 10 చూపి, ఆ తరువాతే 2 చూపుతాయి. ముందు సున్నాలు చేర్చి 001, 002 అనాలి. ఇంకా మేలు, రైతు సాళ్ల మధ్య ఎడం వదిలినట్లు 010, 020, 030 అని వదలడం. ఆలస్యంగా మేనమామ ఫోనులో నుంచి ఒక ఫొటో వస్తే 015 అని మధ్యలో కూర్చోబెట్టవచ్చు. వందల ఫొటోలకు ఒక్కసారే పేరు మార్చే ఇర్ఫాన్‌వ్యూ వంటి ప్రోగ్రాములు ఇంటి వాడకానికి ఉచితమే.

వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది, తీసిన తేదీ కూడా లోపల మిగలదు. డాక్యుమెంట్‌గా పంపమని చుట్టాలకు ముందే చెప్పాలి. పేరులో ‘మాంగల్యం’, ‘నాయనమ్మ’ అని తెలుగులో రాసుకోవచ్చు. కంప్యూటర్ చక్కగా చూపుతుంది గాని కొన్ని టీవీల్లో డబ్బాలు కనబడతాయి. హాలుకు తీసుకుపోయే పెన్‌డ్రైవ్‌లో మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు వాడితే ఇబ్బంది ఉండదు.

రెండో కెమెరా ఫొటోల్లో ఒకదాని మూలన నాయనమ్మ చెయ్యి, అక్షింతల పళ్లెం కనబడుతున్నాయి. మా అక్క దాన్ని మూడు చోట్ల దాచింది.